హాస్టల్లో వేసిన పిల్ల

దత్తత అనగానే మన కథల్లో, సినిమాల్లో కనిపించేది పసిబిడ్డ. గుడి మెట్ల మీదో ఆసుపత్రి వరండాలోనో దొరికిన బిడ్డ, పేరు లేని బిడ్డ, ఏమీ గుర్తులేని బిడ్డ. పెద్దయ్యాక ఎవరో చెబితే తప్ప తనకే తెలియని గతం. కథ నడవడానికి ఇది అనువుగా ఉంటుంది. కానీ ఎనిమిదేళ్ళ పిల్లనో పదేళ్ళ పిల్లనో దత్తత తీసుకుంటే ఏమవుతుంది? ఆ పిల్లకి తన పేరు తెలుసు. అమ్మ పేరు తెలుసు. ఊరికి ఏ బస్సు ఎక్కాలో, బావి ఎక్కడుందో, తన తర్వాత పుట్టిన తమ్ముడు ఎలా ఏడుస్తాడో తెలుసు. తన గురించి కాగితాల్లో ఏం రాసినా దాన్ని సరిచూడగల సాక్షి ఆ పిల్లే.

ఈ సాక్షి మాట వినడానికి మన చట్టాలు, మన సేవాసంస్థలు, చివరికి ఎంతో మంచి ఉద్దేశంతో చేతులు చాచిన విశ్వాసులు కూడా ఎందుకు సిద్ధంగా లేకపోయారన్నది ఈ వ్యాసంలో ప్రశ్న. ఉదాహరణ ఎక్కడో దూరంగా లేదు. 1990లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి అమెరికాకు, యూరప్‌కు వెళ్ళిన పిల్లల చరిత్రలోనే ఉంది. దాని మూలాలు వెతుక్కుంటూ పోతే మా మానుకోట జిల్లాలోని డోర్నకల్ దాకా వెళ్ళాల్సి వస్తుంది.

ముందు మన పద్ధతి ఏమిటో చూద్దాం. తెలుగులో 'దత్తు పోయాడు' అనే మాట ఉంది. అన్న కొడుకో, అక్క కొడుకో, దాయాదుల పిల్లవాడో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్ళడం. ఓరుగల్లులో రుద్రమదేవి తన కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి దత్తత తీసుకుంది. అది రాజ్యం కోసం. మామూలు ఇళ్ళలో పొలం కోసం, తలకొరివి కోసం. పాత ధర్మశాస్త్రాల ప్రకారం దత్తత అంటే ప్రధానంగా కొడుకే. కూతుర్ని దత్తత తీసుకోవడానికి హిందువులందరికీ స్పష్టమైన చట్టబద్ధత వచ్చింది 1956 చట్టంతోనే. ఇందులో పితృస్వామ్యం ఎంతుందో వేరే చెప్పక్కర్లేదు. కానీ ఒక్క విషయం మాత్రం గమనించాలి. దత్తు పోయిన పిల్లవాడు ఎవరి కొడుకో ఊరందరికీ తెలుసు. కన్నతల్లి పండక్కి వస్తుంది, లేకపోతే పెళ్ళిలో కనిపిస్తుంది. ఇల్లు మారుతుంది గానీ గతం చెరిగిపోదు.

1956 నాటి ఆ చట్టం హిందువులకే వర్తిస్తుంది (బౌద్ధ, జైన, సిక్కులు కూడా అందులో భాగమే). క్రైస్తవులకు, ముస్లింలకు, పార్సీలకు అలాంటి చట్టం లేదు. మన ప్రాంతంలో ఒక క్రైస్తవ దంపతులు అనాథ పిల్లని పెంచుకోవాలంటే వాళ్ళకి దొరికేది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకత్వం మాత్రమే. పిల్లకి మైనారిటీ తీరితే చట్టం దృష్టిలో ఆ బంధం తీరిపోయినట్టే. వారసత్వం దానంతట అది రాదు. 2000 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, దానికి 2006లో చేసిన సవరణ వచ్చేదాకా పరిస్థితి ఇదే. విచిత్రమేమిటంటే ఇదే 1890 చట్టం విదేశీ దంపతులకు తలుపయింది. వాళ్ళు ఇక్కడి కోర్టులో సంరక్షకులుగా ఉత్తర్వు తీసుకుని, పిల్లని తమ దేశానికి తీసుకెళ్ళి, అక్కడి చట్టం ప్రకారం పూర్తిగా దత్తత చేసుకునేవారు. డోర్నకల్ క్రైస్తవుడు సొంతగడ్డ మీద తండ్రి కాలేకపోయాడు. అదే పిల్లకి అలబామా క్రైస్తవుడు తండ్రి కాగలిగాడు.

డోర్నకల్ పేరు ఎందుకు తెచ్చానంటే, పేద తెలుగు తల్లి తన పిల్లని తీసుకెళ్ళి ఒక క్రైస్తవ సంస్థ గుమ్మంలో ఎందుకు వదిలి వస్తుందో అర్థం కావాలంటే ఆ ఊరి చరిత్ర కొంత తెలియాలి. తిరునెల్వేలి ప్రాంతపు తమిళ క్రైస్తవులు 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ అని ఒకటి పెట్టుకున్నారు. తెల్లవాళ్ళ డబ్బుతో కాకుండా మన డబ్బుతో, మన మనుషులతో పనిచేయాలని వాళ్ళ పట్టుదల. వాళ్ళు ఎంచుకున్నది నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. ఆ సొసైటీ పెట్టినవాళ్ళలో ముఖ్యుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. డోర్నకల్ ఆయన పీఠం. గుడి, మసీదు, చర్చి పోకడలు కలిసిన అక్కడి ఎపిఫనీ కెథెడ్రల్ 1939 జనవరిలో ప్రతిష్ఠ అయింది. కాజీపేట నుంచి విజయవాడ రైల్లో వెళ్ళేవాళ్ళకి డోర్నకల్ ఒక జంక్షన్ మాత్రమే గానీ, తెలుగు మాల మాదిగల చదువు చరిత్రలో అదొక మైలురాయి.

ఆ చదువు చాలావరకు బోర్డింగు బడుల్లో నడిచింది. డోర్నకల్లోనే కాదు, జనగామ, హనుమకొండల్లో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టుల దగ్గర కూడా అంతే. పల్లెలో ఉంటే గొడ్ల వెంటో పొలం పనికో పోవాల్సిన పిల్లవాణ్ణి తెచ్చి బోర్డింగులో వేసేవారు. తిండి, బట్ట, అక్షరం, ప్రార్థన. వేసవి సెలవులకు పిల్లవాడు ఇంటికి పోయేవాడు. తల్లిదండ్రులు వచ్చి చూసిపోయేవారు. 'బోర్డింగులో వేశాం', తర్వాతి తరంలో 'హాస్టల్లో వేశాం' అనే మాటకి ఇదే అర్థం. వేయడం అంటే వదిలేయడం కాదు, కొన్నాళ్ళు అప్పజెప్పడం. ఆ తర్వాత ప్రభుత్వం కూడా అదే దారి పట్టింది. సోషల్ వెల్ఫేర్ హాస్టళ్ళు, గిరిజన ఆశ్రమ పాఠశాలలు, 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులం. తెలంగాణ లంబాడాలు 1976లో షెడ్యూల్డు తెగల జాబితాలో చేరాక తండా పిల్లలకి కూడా ఈ తలుపులు తెరుచుకున్నాయి. ఇవాళ మా జిల్లాలో ఏ తండాకి వెళ్ళినా హాస్టల్లో పెరగని చదువుకున్న మనిషి కనబడటం కష్టం.

కాబట్టి మన పేద కుటుంబాల దృష్టిలో 'హాస్టల్' అనాథల చోటు కాదు. తల్లి ఉన్న పిల్లల చోటు. ముఖ్యంగా ఒంటరి తల్లులకు అది ఆధారం. భర్త తాగుబోతు అయితే, వలస పోవాల్సి వస్తే, వానలు పడకపోతే, పిల్లకి రెండు పూటలా అన్నం దొరికే చోటు. ఫాదర్ నడిపేదో పాస్టర్ నడిపేదో అయితే ఇంకా నమ్మకం. మూడు తరాల అనుభవం పెంచిన నమ్మకం అది.

ఇక సముద్రానికి అవతలి వైపు చూద్దాం. పిల్లల్ని దేశాలు దాటించి దత్తత తీసుకోవడం ఒక ఉద్యమంగా మారింది కొరియా యుద్ధం తర్వాత. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో హ్యారీ హోల్ట్ అనే రైతు, భార్య బెర్తా, భక్తిపరులైన క్రైస్తవులు. 1955లో వాళ్ళు ఎనిమిది మంది కొరియా పిల్లల్ని దత్తత తీసుకున్నారు. ఆ కాలపు చట్టం అంతమందిని ఒప్పుకోదు కాబట్టి వాళ్ళ కోసం అమెరికన్ కాంగ్రెస్ ప్రత్యేక చట్టమే చేసింది. ఆ తర్వాత వాళ్ళు పెట్టిన సంస్థ ద్వారా వేలమంది పిల్లలు వెళ్ళారు. దీని వెనక ఉన్నది వ్యాపారబుద్ధి కాదు, బలమైన విశ్వాసం. దేవుడు మనల్ని దత్తపుత్రులుగా చేసుకున్నాడు, అలాంటప్పుడు మనం దిక్కులేని పిల్లని చేరదీయకపోతే మన భక్తికి అర్థమేమిటి, అనే ప్రశ్న. ఆ ప్రశ్నని తేలిగ్గా కొట్టిపారేయలేం. చుట్టాలెవరూ తీసుకోని, జబ్బుతోనో వైకల్యంతోనో ఉన్న పిల్లల్ని కడుపులో పెట్టుకుని పెంచిన కుటుంబాలు ఈ విశ్వాసం నుంచే వచ్చాయి.

మన దేశం విషయానికొస్తే, విదేశాలకు వెళ్ళే పిల్లలు ఏమవుతున్నారోనని లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది సుప్రీంకోర్టుకి ఉత్తరం రాశాడు. దాన్నే పిటిషన్‌గా తీసుకుని జస్టిస్ పి. ఎన్. భగవతి 1984 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చాడు. ముందు దేశంలో కుటుంబం వెతకాలి. కన్నవాళ్ళు బిడ్డని వదులుకుంటామన్నా పునరాలోచించుకోవడానికి మూడు నెలల గడువివ్వాలి. విదేశానికి పంపితే వీలైనంతవరకు మూడేళ్ళు నిండకముందే పంపాలి. ఏడేళ్ళు దాటిన పిల్లలైతే వాళ్ళ ఇష్టం కూడా కనుక్కోవాలి. ఈ తీర్పు ఫలితంగానే 1990లో కేంద్ర దత్తత సంస్థ 'కారా' ఏర్పడింది. కాగితం మీద చూస్తే ఇది చక్కని ఏర్పాటు. ఒక సంస్థ పిల్లని సిద్ధం చేస్తుంది, ఇంకో సంస్థ పరిశీలిస్తుంది, కారా అనుమతిస్తుంది, కోర్టు ఉత్తర్వు ఇస్తుంది, పాస్‌పోర్టు వస్తుంది, వీసా వస్తుంది. ఇన్ని చోట్ల వడపోత ఉన్నాక తప్పు ఎలా జరుగుతుంది?

నా వృత్తిలో రోజూ ఎదురయ్యే చిక్కు ఒకటి ఇక్కడ పనికొస్తుంది. డేటాబేసులో ఒక గడి ఖాళీగా ఉంటే దానికి రెండు అర్థాలు ఉండొచ్చు. అక్కడ విలువ లేదు అని ఒకటి, ఆ విలువ ఏమిటో మనం కనుక్కోలేదు అని ఇంకొకటి. మొదటి దశలో ఎవరో 'కనుక్కోలేదు' అన్నదాన్ని 'లేదు' అని రాస్తే, ఆ తర్వాత పది దశల్లో ఎంత జాగ్రత్తగా తనిఖీ చేసినా తప్పు పట్టుబడదు. ఎందుకంటే తనిఖీ చేసేవాళ్ళందరూ చూసేది ఆ కాగితాన్నే, తండాకి వెళ్ళి తలుపు తట్టరు. పైగా అమెరికా వీసాకి పిల్ల 'అనాథ' అనే నిర్వచనంలో ఇమడాలి. ఇద్దరు తల్లిదండ్రులూ లేకపోవాలి, లేదా మిగిలిన ఒక్కరూ పోషించలేని స్థితిలో ఉండి, శాశ్వతంగా వదులుకున్నట్టు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. నిర్వచనం ఇలా ఉంటే, దానికి సరిపోయే కాగితం తయారవుతుంది. స్టాంపు పేపరు, ఇంగ్లీషులో నాలుగు పేరాలు, కింద వేలిముద్ర. చదువు రాని తల్లికి అది హాస్టల్ దరఖాస్తో, బిడ్డని వదులుకునే పత్రమో తేడా తెలిసేదెలా?

ఆంధ్రప్రదేశ్‌లో ఈ లోపం బయటపడింది మొదట పసిపిల్లల విషయంలో. 1990ల చివర్లో నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు, తాండూరు వైపు లంబాడా తండాల్లో ఆడపిల్లల్ని కొంటున్నారన్న వార్తలు వచ్చాయి. తండాల్లో అప్పటికే చాలా మారిపోయింది. ఒకప్పుడు మగపెళ్ళివారే ఓలి ఇచ్చే ఆచారం పోయి కట్నం వచ్చింది. కరువు, అప్పు, వలస. మూడో ఆడపిల్లో నాలుగో ఆడపిల్లో పుడితే ఆ ఇంటికి మధ్యవర్తి వచ్చేది. ఆమె చేతిలో పెట్టిన కొద్దిపాటి డబ్బుకి, విదేశీ దంపతులు కట్టే ఫీజుకి పొంతనే లేదు. 1999లో కొందరిని అరెస్టు చేశారు. 2001లో మళ్ళీ బయటపడింది, సీఐడీ దర్యాప్తు జరిగింది. సంస్థల్లో ఉన్న పిల్లల్ని హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని శిశువిహార్‌కి తరలించారు. పేదరికం కారణంగానో ఆడపిల్ల అనో బిడ్డని వదులుకునే పత్రాలు చెల్లవని ప్రభుత్వం ఆ ఏడాదే నిషేధించింది. ఈ పోరాటంలో గట్టిగా నిలబడినవాళ్ళలో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ గీతా రామస్వామి ఒకరు. దర్యాప్తుకి గురైన సంస్థల్లో కొన్నిటి పేర్లే బైబిల్లోంచి తెచ్చుకున్నవి. అంటే, డోర్నకల్ బోర్డింగు మూడు తరాల్లో సంపాదించిన నమ్మకాన్ని మూడు నాలుగేళ్ళలో ఖర్చుపెట్టేశారు. మానుకోట తండాలు ఆ వార్తల్లో ప్రధానంగా లేవు. కానీ మనుషులు వాళ్ళే, భాష అదే, హాస్టల్ మీద నమ్మకమూ అదే.

పసిపిల్లలు చెప్పలేరు. చెప్పగలిగిన పిల్లల కథ ఒకటి అదే కాలంలో నడిచింది. డేవిడ్ స్మోలిన్ అమెరికాలో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో న్యాయశాస్త్రం బోధించే ప్రొఫెసరు. బాప్టిస్టు సంప్రదాయంలో పుట్టిన శామ్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో కంబర్లాండ్ లా స్కూల్ ఆయన పనిచేసే చోటు. ఆయన, భార్య డెసిరీ ఇద్దరూ విశ్వాసులు. 1998లో వాళ్ళు ఆంధ్రప్రదేశ్ నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్ళని దత్తత తీసుకున్నారు. పసిపిల్లలు కాదు, ఊహ తెలిసిన ఆడపిల్లలు. పెద్దపిల్లల్ని ఎవరూ తీసుకోరు, అక్కాచెల్లెళ్ళని విడదీస్తారు, కాబట్టి ఇద్దర్నీ కలిపి తెచ్చుకోవడం మంచి పని అనే అందరూ అంటారు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. ఇంటికి వచ్చిన కొన్ని వారాలకే పిల్లలు నోరు విప్పారు. మేము అనాథలం కాదు, మాకు అమ్మ ఉంది, మమ్మల్ని దొంగతనంగా తెచ్చారు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ పరిస్థితిలో మీరుంటే ఏం చేస్తారు? పిల్లలు బెంగతో అలా అంటున్నారని సర్దిచెప్పుకోవచ్చు. కోర్టు ఉత్తర్వు ఉంది కదా అని ఊరుకోవచ్చు. దేవుడే మా ఇంటికి పంపాడు అనుకోవచ్చు. విశ్వాసం ఈ మూడో దారిని చాలా సులువుగా చూపిస్తుంది. జరిగినదంతా దైవసంకల్పం అనుకుంటే ఇక ప్రశ్న ఉండదు. స్మోలిన్ దంపతులు పిల్లల మాట నమ్మారు. విచారించమని అడిగితే, పిల్లల్ని ఇచ్చిన వ్యవస్థ నుంచి తమకు సాయం రాలేదని ఆయన తర్వాత రాశాడు. ఇక్కడి సామాజిక కార్యకర్తల సాయంతో ఆ తల్లిని కనుక్కోవడానికి ఆరేళ్ళకు పైగా పట్టింది. ఆయన రాసినదాని ప్రకారం ఆ తల్లి బిడ్డల్ని వదులుకోలేదు. ఇబ్బందుల్లో ఉండి, చదువుకుంటారని, కొన్నాళ్ళకోసం ఆ సంస్థలో ఉంచింది. తిరిగి తీసుకుపోదామని వస్తే ఇవ్వలేదు. మన మాటల్లో చెప్పాలంటే ఆమె పిల్లల్ని హాస్టల్లో వేసింది.

తల్లీ పిల్లలూ కలిశారు. కానీ అప్పటికి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఆరేళ్ళ జీవితం ఇంకో దేశంలో గడిచిపోయింది. ఎవరి బిడ్డలు అనే ప్రశ్నకి కోర్టు ఒక్క మాటలో జవాబు చెప్పగలదు గానీ మనుషులు చెప్పలేరు. ఇలాంటి పిల్లలు ముందుగా పోగొట్టుకునేది భాష. వేరే భాష మాట్లాడే ఇంట్లో పదేళ్ళ పిల్ల మాతృభాష మర్చిపోవడానికి ఎక్కువకాలం పట్టదు. తర్వాత తల్లి ఎదురుపడినా మధ్యలో దుబాసీ కావాలి. తీసుకెళ్ళిన పిల్లని ఎన్నటికైనా తిరిగి అప్పజెప్పవచ్చు గానీ ఆ మధ్యలో తల్లి వినాల్సిన మాటల్ని ఎవరూ అప్పజెప్పలేరు.

స్మోలిన్ తన న్యాయశాస్త్ర జ్ఞానాన్నంతా ఆ తర్వాత ఈ పనికే పెట్టాడు. ఆంధ్రప్రదేశ్ కుంభకోణాల మీద 2005లో సుదీర్ఘమైన పరిశోధన వ్యాసం ప్రచురించాడు. మరుసటి ఏడాది వచ్చిన వ్యాసంలో 'చైల్డ్ లాండరింగ్' అనే మాటని వివరించాడు. నల్లడబ్బుని బ్యాంకుల గుండా తిప్పి తెల్లడబ్బు చేసినట్టే, ఎత్తుకొచ్చిన పిల్లల్ని సక్రమమైన కాగితాల గుండా తిప్పి 'చట్టబద్ధమైన అనాథలు'గా మార్చడం. ఆయన వాదన ప్రకారం ఇది అక్కడక్కడా జరిగే దొంగతనం కాదు, వ్యవస్థ నిర్మాణమే దొంగకి వీలిస్తోంది. దీనికి ఎదురువాదన లేకపోలేదు. హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చెప్పిన ఎలిజబెత్ బార్తొలెట్, తాను స్వయంగా పెరూ నుంచి పిల్లల్ని దత్తత తీసుకున్న మనిషి. కొన్ని మోసాల కారణంగా తలుపులు మూస్తే నిజంగా ఎవరూ లేని పిల్లలు సంస్థల్లోనే మగ్గిపోతారని ఆమె గట్టిగా వాదించింది. ఇది కూడా నిజమే. శిశువిహార్ లాంటి చోట ఎదిగే పిల్ల వైపు నుంచి చూస్తే నియమాల కాఠిన్యం అంటే ఇంకో రెండేళ్ళు ఎదురుచూపు.

నాకు ఆసక్తిగా అనిపించింది స్మోలిన్ 2012లో రాసిన ఇంకో వ్యాసం. అది న్యాయం గురించి కాదు, వేదాంతం గురించి. అమెరికా ఇవాంజెలికల్ సంఘాల్లో దత్తత ఒక పెద్ద ఉద్యమంగా మారిన కాలం అది. 2009లో సదరన్ బాప్టిస్టులు తమ మహాసభలో దత్తతని ప్రోత్సహిస్తూ తీర్మానం కూడా చేశారు. అదే విశ్వాసంలో నిలబడి స్మోలిన్ అడిగాడు, మనం బైబిల్‌ని సరిగ్గా చదువుతున్నామా అని. ఆయన వాదనని తెలుగు బైబిల్ పక్కన పెట్టి చూస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పాత నిబంధనలో అనాథ అన్న అర్థంలో వచ్చే మాటని మన అనువాదకులు చాలాచోట్ల 'తండ్రిలేనివారు' అనే రాశారు. దాని పక్కనే దాదాపు ప్రతిసారీ 'విధవరాలు' ఉంటుంది. అంటే ఆ పిల్లకి తల్లి ఉంది! వాళ్ళిద్దరూ ఒకే ఇంటి మనుషులు. విధవరాలి దగ్గరున్న పిల్లని తీసేసుకుని, ఇదే అనాథసేవ అంటే ఆ వాక్యాన్ని సగానికి కోసి చదివినట్టే.

యాకోబు పత్రికలో నిజమైన భక్తి ఏమిటో చెప్పే చోట మన అనువాదంలో 'పరామర్శించుట' అనే క్రియ వాడారు. తెలుగువాళ్ళకి పరామర్శ అంటే ఏమిటో తెలుసు. కష్టంలో ఉన్నవాళ్ళ ఇంటికి మనమే వెళ్ళి, కూర్చుని, మంచీచెడ్డా కనుక్కోవడం. వాళ్ళింట్లోంచి పిల్లని మనింటికి తెచ్చుకోవడాన్ని ఏ ఊళ్ళోనూ పరామర్శ అనరు. పౌలు రాసిన 'దత్తపుత్రులు' మాటకి కూడా ఆ కాలపు రోమన్ ఆచారం నేపథ్యం. అక్కడ దత్తత ఎక్కువగా ఎదిగిన మగవాళ్ళనే చేసుకునేవారు. అగస్టస్ తిబెరియస్‌ని దత్తత తీసుకునేనాటికి అతనికి నలభై దాటింది. వారసత్వం కోసం జరిగే ఏర్పాటు అది, మన దత్తు లాంటిదే. పోనీ పిల్లవాడి ఉదాహరణే కావాలంటే మోషే ఉన్నాడు. ఫరో కూతురు నదిలోంచి తీసి పెంచుకుంది, కన్నతల్లే దాదిగా జీతం తీసుకుని పాలిచ్చింది. రాజభవనంలో పెరిగాక కూడా అతను వెళ్ళింది తనవాళ్ళ దగ్గరికే. దీన్ని దత్తతకి ఉదాహరణగా చెప్పే ప్రసంగీకులు ఆ రెండో సగాన్ని కూడా చెప్పాలి.

ఇదే మాటని ఇంకో సందర్భంలో ఒక తెలుగు బిషప్పు ఎప్పుడో చెప్పాడనిపిస్తుంది. తెలుగు అంటే పుట్టుకతో కాదు, పనితో. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య మాట్లాడాడు. ఇంకా బిషప్ కాలేదు అప్పటికి. మీరు మా పేదలకి తిండి పెట్టారు, ప్రాణాలు కూడా ధారపోశారు, కానీ మాకు కావాల్సింది స్నేహం, అన్నది ఆయన ప్రసంగ సారాంశం. దాతకి, పుచ్చుకునేవాడికి మధ్య ఎంత ప్రేమ ఉన్నా, పుచ్చుకునేవాడి మాటకి విలువ లేకపోతే అది స్నేహం కాదు. వేలిముద్ర వేసిన తల్లికి సరిగ్గా దక్కనిది ఇదే. ఆమెకి డబ్బు ఇవ్వడానికి మధ్యవర్తి ఉంది, బిడ్డని పెంచడానికి దూరదేశంలో మంచి మనుషులు ఉన్నారు, ఆమె కోసం ప్రార్థించేవాళ్ళు కూడా ఉండి ఉంటారు. ఆమె ఇంటికి వెళ్ళి 'అమ్మా, నీకేం కావాలి?' అని అడిగిన మనిషి మాత్రం లేడు. బహుశా కొన్ని నెలల బియ్యం, పిల్లల ఫీజు ఇచ్చి ఉంటే సరిపోయేది. దత్తతకి విదేశీ కుటుంబం పెట్టే ఖర్చులో అది ఎన్నో వంతో లెక్కేయడం కష్టం కాదు.

తర్వాత చాలా మారింది. దత్తతలపై 1993 నాటి హేగ్ ఒప్పందాన్ని మన దేశం 2003లో ఆమోదించింది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం తర్వాత పిల్లల వివరాలు, దంపతుల వరస అన్నీ కారా వారి ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారానే నడుస్తున్నాయి. తల్లిదండ్రుల మతం ఇప్పుడు అడ్డు కాదు. ఐదేళ్ళు దాటిన పిల్లల సమ్మతి ఉండాలి. దత్తత వెళ్ళిన మనిషి పెద్దయ్యాక తన మూలాలు వెతుక్కోవడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుల నుంచి కలెక్టర్లకి మారింది. అమెరికాకి అన్ని దేశాల నుంచీ కలిపి 2004లో దాదాపు 23,000 మంది పిల్లలు వెళ్ళారు. 2023 నాటికి ఆ సంఖ్య 1,300 లోపుకి పడిపోయింది. మన దేశం నుంచి ఇప్పుడు విదేశాలకు ఏటా సుమారు నాలుగు వందల మంది వెళ్తున్నారు. ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల కోసం ఇక్కడే వేలమంది ఎదురుచూస్తున్నారు కాబట్టి, సముద్రం దాటేవాళ్ళలో ఎక్కువమంది వైకల్యం ఉన్న పిల్లలు, కాస్త పెద్దపిల్లలు, అన్నదమ్ములూ అక్కాచెల్లెళ్ళూ కలిసి ఉన్నవాళ్ళు.

అంటే పాత కథలో అరుదుగా కనిపించిన ఊహ తెలిసిన పిల్లే, ఇవాళ విదేశీ దత్తతలో ముఖ్యమైన మనిషి. ఆ పిల్లని కోరుకునే కుటుంబాల్లో విశ్వాసులు ఎక్కువే ఉంటారు. ఉండాలి కూడా. ఎందుకంటే పదేళ్ళ పిల్ల కొత్త ఇంట్లో రాత్రిళ్ళు లేచి ఏడుస్తుంటే, తిండి దాచుకుంటుంటే, 'నువ్వు మా అమ్మవి కాదు' అని మొహం మీద అంటుంటే తట్టుకోవడానికి చట్టం సాయం చేయదు. ఓర్పు ఎక్కడినుంచో తెచ్చుకోవాలి. కొందరు దాన్ని ప్రార్థన నుంచి తెచ్చుకుంటారు, అందులో తప్పులేదు. అయితే అదే ప్రార్థన, పిల్ల చెప్పే గతాన్ని వినడానికి అడ్డం కాకూడదు. 'దేవుడు నిన్ను మాకిచ్చాడు' అనే మాట వినడానికి తియ్యగా ఉంటుంది. కానీ తల్లి బతికే ఉన్న పిల్లకి అది ఎలా వినిపిస్తుంది? మా అమ్మ దగ్గర నుంచి దేవుడే లాక్కున్నాడా అని కదా.

సమ్మతి అనే నియమం ఉన్నా, కలెక్టరు గదిలో కూర్చున్న ఆరేళ్ళ పిల్ల 'ఊఁ' అంటే దాని అర్థం తేల్చడం తేలిక కాదు. తనని అక్కడికి తెచ్చినవాళ్ళు పక్కనే ఉంటారు. తండా నుంచి వచ్చిన పిల్లయితే అడిగే తెలుగు కూడా సగమే అర్థమవుతుంది, ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి కదా. ఆ పిల్ల భాషలో, భయపెట్టేవాళ్ళు లేని చోట, ఒకటికి రెండుసార్లు అడగాలి. నీకు సరేనా అని మాత్రమే కాదు. ఇంట్లో ఎవరెవరున్నారు, ఇక్కడికి ఎవరు తెచ్చారు, ఎందుకని చెప్పి తెచ్చారు అని. ఆ తర్వాత ఆ జవాబులు పట్టుకుని ఒక మనిషి ఆ ఊరికి బస్సెక్కాలి.

ఆంధ్రప్రదేశ్ దత్తత కుంభకోణాల్లో ఎన్నో దస్తావేజులు, అనుమతులు, ఉత్తర్వులు పోగయ్యాయి. ఆ అక్కాచెల్లెళ్ళ విషయంలో వాటన్నిటి కన్నా ముందు నిజం చెప్పినవాళ్ళు ఆ ఇద్దరు పిల్లలే. ఆ మాట నమ్మి వాళ్ళ తల్లి కోసం వెతకడమే, ఈ మొత్తం చరిత్రలో పరామర్శ అనదగ్గ పని.